ఏడున్నరకి మన వీధి టీవీలో వస్తుంది

పోయిన వారం మా పిన్ని వాట్సాప్‌లో ఒక ఫోటో పంపింది. "ఈ అయ్యవారు నీకు బాగా తెలుసు కదా, పోయారంట" అని కింద రాసింది. దండ వేసిన ఫోటో. తెల్ల చొక్కా, మందపాటి కళ్లద్దాలు. నోరు కాస్త తెరిచి ఏదో చెప్తూ ఉన్నారు. పెద్దది చేసి చూస్తే కింద మూలన నల్లటి స్పాంజి అంచు కనబడింది. అది నా మైకు. దాని పక్కన సగం తెగిపోయిన మా ఛానల్ లోగో. ఫోటో నిండా సన్నటి అడ్డగీతలు. వాళ్లబ్బాయికి ఫోన్ చేసి పలకరిస్తే అసలు సంగతి చెప్పాడు. అప్పట్లో ఆయన ఇంటర్వ్యూ వస్తుంటే, పక్క వీధి ఫోటో స్టూడియో అతన్ని పిలిపించి టీవీ తెర మీద నుంచే తీయించుకున్నారట. "నాన్నకి ఆ ఫోటోనే ఇష్టం అక్కా, అదే పెట్టమని ముందే చెప్పిపెట్టారు" అన్నాడు.

ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. నెల్లూరులో లోకల్ కేబుల్ ఛానల్లో మైకు పట్టుకుని తిరిగిన ఆ రోజులన్నీ గుర్తొచ్చాయి. రాసి పెట్టుకోవాలనిపించింది.

*

మా ఛానల్ ఆఫీసు ట్రంకు రోడ్డుకి ఆనుకున్న సందులో, మేడ మీద రెండు గదులు. ఒక గది మాకు, ఒక గది మిషన్లకి. ఏసీ మిషన్ల గదిలోనే ఉండేది. ఎండాకాలం మధ్యాహ్నం ఏదో ఒక పని పెట్టుకుని అందరం ఆ గదిలోకే చేరేవాళ్లం. క్యాసెట్లు ఆడించే విసిఆర్‌లు, ఆ బొమ్మని కేబుల్లోకి పంపే మాడ్యులేటర్లు వరసగా పెట్టి ఉండేవి. వేడెక్కిన ప్లాస్టిక్ వాసన, క్యాసెట్ లోపలికి పోయేటప్పుడు టక్‌మని చప్పుడు, టేపు వెనక్కి తిరిగేటప్పుడు సన్నటి రొద. ఇప్పటికీ ఎక్కడైనా పాత ఎలక్ట్రానిక్స్ కొట్టు ముందు నుంచి వెళ్తే ఆ గది గుర్తొస్తుంది.

కేబుల్ అప్పటికి ఊరికి కొత్తగా వచ్చి స్థిరపడుతోంది. ఈటీవీ, జెమినీ 1995లో మొదలయ్యాయి. కేబుల్ వాళ్ల కోసం చట్టం కూడా ఆ ఏడాదే వచ్చింది. అప్పట్లో ఆపరేటర్లు హెడ్ పోస్టాఫీసుకి వెళ్లి రిజిస్టర్ చేయించుకోవాల్సి వచ్చేది. టీవీ వ్యవహారానికి పోస్టాఫీసు ఏమిటా అని నేను మొదట ఆశ్చర్యపోయాను. ప్రతి వీధిలో డిష్ పెట్టిన కుర్రాళ్లు మొదట రాత్రి పూట క్యాసెట్ వేసి సినిమా చూపించేవాళ్లు. తర్వాత పండగ ఊరేగింపులు తీసి వేశారు. జనం తమ వీధిని టీవీలో చూసుకోవడానికి ఎంత ఎగబడతారో అర్థమయ్యాక వార్తలు మొదలుపెట్టారు. మా ఛానల్ కూడా అలా పుట్టిందే.

నేను డి.కె.డబ్ల్యు. కాలేజీలో డిగ్రీ పూర్తి చేసి ఖాళీగా ఉన్నాను. తెలుగు స్పష్టంగా చదువుతానని మా లెక్చరర్ ఒకావిడ చెప్పి పంపించారు. నాన్న ఒకే షరతు పెట్టారు, ఎనిమిదింటికల్లా ఇంట్లో ఉండాలని. వార్తలు ఏడున్నరకి. సాయంత్రం ఆరింటికే చదివి రికార్డు చేసేసేవాళ్లం. నేను ఇంటికి నడిచి వెళ్తుంటే దారి పొడుగునా కిటికీల్లోంచి నా గొంతే వినబడేది. ఒక ఇంట్లో మొదలైన వాక్యం రెండిళ్లు దాటాక పూర్తయ్యేది. ఆ నడక నాకు ఎంత ఇష్టమో ఎవరికీ చెప్పలేదు.

తెర కింద స్క్రోలింగ్ నడుస్తూ ఉండేది. కంప్యూటర్లో తెలుగు అక్షరాల కోసం వాడే అను ఫాంట్స్‌లో కొట్టేవాళ్లం. పుట్టినరోజు శుభాకాంక్షలు, చీరల డిస్కౌంట్లు, ఫలానా చోట ఓ నెగటివ్ రక్తం అత్యవసరంగా కావలెను, రేపు ఈ వార్డులకి మంచినీళ్లు రావు, ఎర్ర గౌను వేసుకున్న పాప కనబడుటలేదు. రక్తం కావాలని వేసిన రాత్రుల్లో ఆసుపత్రి ముందు కుర్రాళ్లు సైకిళ్ల మీద వచ్చి నిలబడేవాళ్లు. ఎవరు వచ్చారో, ఎవరికి ఇచ్చారో మాకు ఎప్పుడూ తెలిసేది కాదు. మర్నాడు ఉదయం ఎవరో ఒకరు ఫోన్ చేసి "దొరికింది, తీసేయండమ్మా" అనేవాళ్లు. ఆ ఫోన్ కోసం ఎదురు చూసేదాన్ని.

*

కెమెరా అన్న అంతకుముందు పెళ్లిళ్లు తీసేవాడు. పానసోనిక్ ఎం9000, భుజం మీద పెట్టుకునే పెద్ద కెమెరా. స్కూటర్ ముందు కాళ్ల దగ్గర కెమెరా పెట్టె, వెనక నేను, నా చేతిలో సన్ గన్ లైటు. ఆ లైటు వేస్తే రెండు నిమిషాల్లో ముఖం కాలిపోయేంత వేడి. రాత్రి పూట వీధిలో అది వెలగగానే అరుగుల మీద ఉన్నవాళ్లంతా లేచి వచ్చేసేవాళ్లు.

మొదట్లో ఏ పేటకి వెళ్లినా ఒకటే తంతు. మైకు చూడగానే ఆడవాళ్లు "ఉండమ్మా, చీర మార్చుకుని వస్తాం" అని లోపలికి వెళ్లేవాళ్లు. పిల్లలకి తల దువ్వేవాళ్లు. మంచి చీర కట్టుకుని, బొట్టు సరిచేసుకుని, ముక్కులు బద్దలయ్యే కాలవ పక్కన వచ్చి నిలబడేవాళ్లు. నాకు అది ఎంతో మర్యాదగా అనిపించేది. ఊరంతా చూస్తుంది, ఊరి ముందు సరిగ్గా నిలబడాలి అన్న మర్యాద అది.

ఇబ్బంది మాటల దగ్గర వచ్చేది. "మీ సమస్యలు చెప్పండి" అంటే చాలు, అందరూ అర్జీ భాషలోకి వెళ్లిపోయేవాళ్లు. "మా వార్డునందు మౌలిక సదుపాయములు లేక..." అని మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయేవాళ్లు. ఆ మాటలు వాళ్లవి కావు. కొన్నాళ్లకి నేను ఆ ప్రశ్న అడగడం మానేశాను. "ఇవ్వాళ ఎన్ని బిందెలు పట్టావక్కా?" అని అడిగేదాన్ని. అంతే, గలగలా వచ్చేసేది. "యాడమ్మా! నాలుగింటికి వదిలితే నాలుగు బిందెలు. కాస్త కునుకు తీసినామా, ఆ రోజుకి ఇంక లేవు. కొళాయి కాడ మాటామాటా అనుకుని పక్కింటామె నాతో మాట్లాడక నెల అయింది." నీళ్లు చాలకపోతే ఇరుగుపొరుగు చెడుతుందన్న సంగతి ఏ అర్జీలోనూ రాసి ఉండదు.

అలాగే ఒక ముసలామె. కాలవకి అవతల నాలుగైదు ఇళ్లు. దాటడానికి ఒక చెక్క పలక. ఆమె చీర మార్చుకోవడానికి వెళ్లలేదు. నేను అడక్కముందే పలక మీద కాలు పెట్టి ఊపి చూపించింది. "మా కోడలికి నెలలు నిండినాయి. ఈడికి ఆటో రాదు. నొప్పులొస్తే ఈ పలక మీదే నడిపించుకుని పోవాల. అప్పటిదాకా ఈ పలక ఉంటాదో ఊడతాదో నాకు తెల్దు. వాళ్లకి తెలిస్తే వచ్చి చెప్పమను." అంతే మాట్లాడింది. అన్న కెమెరాని ఆ పలక మీదే ఉంచాడు, ముఖం మీదికి తీసుకురాలేదు. ఆ తర్వాత నేను ఏమీ చదవలేదు. అలాగే వేశాం.

*

అయ్యవారి గురించి చెప్పాలి.

ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. నెల్లూరులో పెద్దవాళ్లు మాస్టార్లని అయ్యవారు అనే పిలుస్తారు కాబట్టి మాకూ అయ్యవారే. చేతిలో ఎప్పుడూ గొడుగు, చంకలో దారం కట్టిన అట్ట ఫైలు. తను ఇచ్చిన ప్రతి అర్జీకి ఒక కాపీ, దాని మీద ఆఫీసు వాళ్ల ముద్ర, ఇన్‌వర్డ్ నంబరు. మా ఆఫీసు మెట్లెక్కి వచ్చేవారు, కుర్చీలో కూర్చుని ముందు మంచినీళ్లు తాగేవారు, తర్వాత ఫైలు విప్పేవారు. కోపంగా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు.

ఒక వానాకాలం, అంటే మాకు అక్టోబరు, నవంబరు నెలలు. తెలంగాణ వాళ్లకి, కోస్తా పైజిల్లాల వాళ్లకి జూన్‌లో వచ్చే వాన నెల్లూరు దాకా సరిగా రాదు. ఈశాన్య రుతుపవనాలే మాకు దిక్కు, వచ్చిందంటే ఒక్కసారిగా కుమ్మేస్తుంది. అలాంటి వాన తర్వాత వీధుల్లోకి వచ్చిన మురుగు గురించి ఇంటర్వ్యూ చేద్దామని ఆయన దగ్గరికి వెళ్లాం. అందరిలాగే పూడిక తీయలేదని చెప్తారనుకున్నాను. ఆయన జేబులోంచి సుద్దముక్క తీశారు. సిమెంటు అరుగు మీద రెండు బొమ్మలు గీశారు.

"ఇదిగో అమ్మాయ్, ఇది పంట కాలవ. చెరువు తూము కాడ వెడల్పుగా మొదలవుతుంది. పోయేకొద్దీ ఒక్కో పొలం నీళ్లు తీసేసుకుంటుంది కదా, అందుకని చివరికి సన్నబడిపోతుంది. ఇది మురుగు కాలవ. మొదట్లో నాలుగిళ్ల నీళ్లే. పోయేకొద్దీ నాలుగు పేటల నీళ్లు కలుస్తాయి. చివరికి వెడల్పు కావాల. నెల్లూరు చెరువు కింద ఒకప్పుడంతా వరి మడులు. మడులు పోయి ఇళ్లు వచ్చినాయి. కాలవలు మాత్రం అవే. వెడల్పుగా మొదలై సన్నగా అయ్యే కాలవలోకి మనం మురుగు వదిలినాం. మరి చివర్లో ఏమవ్వాల? నువ్వే చెప్పు."

నాకు నోట మాట రాలేదు. నేను పుట్టి పెరిగిన ఊరు. ప్రతి వానకీ మోకాళ్ల లోతు నీళ్లలో బడికి వెళ్లాను. ఎందుకు వస్తాయో అంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు. దాన్ని ఒక్క చోట కూడా కత్తిరించకుండా వేశాం. మర్నాడు టీకొట్ల దగ్గర మనుషులు బల్లల మీద నీళ్లతో ఆ బొమ్మ గీసుకుని వాదించుకోవడం అన్న చూశాడట. ఒక ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు వచ్చి క్యాసెట్ అడిగి తీసుకెళ్లారు. దండ వేసిన ఆ ఫోటో ఈ ఇంటర్వ్యూలోదే. చెయ్యి కనబడటం లేదు గానీ, అందులో సుద్దముక్క ఉంటుంది.

*

వారానికొకసారి స్టూడియోలో అధికారిని కూర్చోబెట్టి ఫోన్లు కలిపేవాళ్లం. స్టూడియో అంటే మా గదిలోనే వెనక నీలం గుడ్డ కట్టడం. ఒకటే ల్యాండ్‌లైన్. ఆ పూట ఫ్యాన్ ఆపేసేవాళ్లం, చప్పుడు మైకులో పడుతుందని. "సార్, నేను ఫలానా వీధి నుంచి మాట్లాడతా ఉండా" అని గొంతు వినబడగానే, ఆ గొంతు ఎవరిదో ఆ వీధి మొత్తానికి తెలిసిపోయేది.

అధికారి సాధారణంగా "పదిహేను రోజుల్లో చేయిస్తాం" అనేవారు. అప్పట్లో ప్రభుత్వం పెట్టిన జన్మభూమి సభలు జోరుగా నడుస్తున్నాయి, ప్రతి వార్డులో శ్రమదానాలు, నోడల్ ఆఫీసర్లు. హామీలకి కొదవ లేదు. మేము పెట్టుకున్న పద్ధతి ఒకటే. గడువు అయిపోయిన వారం, ముందు ఆ అధికారి అన్న మాట అలాగే వేసేవాళ్లం. వెంటనే ఆ చోటు ఇప్పుడు ఎలా ఉందో చూపించేవాళ్లం. మధ్యలో మా వ్యాఖ్య ఉండేది కాదు.

ఇందులో బలం ఎక్కడుందో అప్పుడే నాకు అర్థమైంది. మాట ఇచ్చినాయన కూడా ఇదే ఊళ్లో, ఇదే కేబుల్ కింద ఉంటాడు. ఏడున్నరకి ఆయన ఇంట్లోనూ అదే వస్తుంది. భార్యాపిల్లలు పక్కన కూర్చుని చూస్తారు. పొద్దున కూరగాయల కొట్టు దగ్గర "నిన్న మీవారు టీవీలో వచ్చారే" అని ఎవరో ఒకరు అంటారు. హైదరాబాదులో కూర్చున్న పెద్ద ఛానల్ ఎంత గట్టిగా అరిచినా ఈ పని చేయలేదని నేను ఇప్పటికీ నమ్ముతాను.

ఒకరోజు ఒక ఇంజనీరు తనంతట తానే మా మెట్లెక్కి వచ్చారు. చొక్కా మీద సిమెంటు మరకలు. "నా మాట మళ్లీ వేస్తారంట కదా? వెయ్యండి. పని అయిపోయింది, వచ్చి చూసుకోండి" అన్నారు. వెళ్లి చూస్తే ఆ పలక ఉన్న చోట కల్వర్టు పడింది. ముసలామె దాని మీద నిలబడి ఉంది. కోడలికి అప్పటికే కాన్పు అయిపోయింది, పలక మీదే నడిపించి తీసుకెళ్లారట. "పోనీలే, రెండో బిడ్డకి పనికొస్తాది" అంది. ఇంజనీరుగారి ముఖం చిన్నబోయింది. ఆమె మాత్రం ఆయనకి మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

*

మొహర్రం వచ్చిందంటే రొట్టెల పండగ. దర్గామిట్టలో బారా షహీద్ దర్గా, దాని పక్కనే స్వర్ణాల చెరువు. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారు. మోకాలి లోతు నీళ్లలో, తల మీద కొంగు కప్పుకుని, "ఉద్యోగ రొట్టె", "పెళ్లి రొట్టె", "సంతాన రొట్టె", "ఇల్లు రొట్టె" అని పిలుస్తూ ఉంటారు. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర నుంచి కూడా వస్తారు. హిందువులు, ముస్లింలు అన్న తేడా ఆ నీళ్లలో నాకు ఎప్పుడూ కనబడలేదు. 2015లో దీన్ని రాష్ట్ర పండగగా ప్రకటించారు, అంతకుముందు నుంచే మాకు అది ఊరి పండగ.

అక్కడ ఇంటర్వ్యూ తీసుకోవడం మిగతా వాటికంటే కష్టం. సంతాన రొట్టె తీసుకుంటున్న మనిషి ముందు మైకు పెట్టడానికి చెయ్యి రాదు. నేను ఇచ్చేవాళ్లనే అడిగేదాన్ని. "పోయినేడు ఏం రొట్టె తీసుకున్నారమ్మా?" అంటే వాళ్ల ముఖాల్లో సంతోషం చూడాలి. చంకలో బిడ్డని ఎత్తి చూపించేవాళ్లు, జేబులోంచి ఉద్యోగం ఆర్డరు కాగితం తీసి కెమెరాకి పెట్టేవాళ్లు.

వాటితోపాటు బట్టలు మార్చుకునే గదులు ఎన్ని కట్టారు, ఆడవాళ్లకి మరుగుదొడ్లు చాలుతున్నాయా, తప్పిపోయిన పిల్లల్ని ఎక్కడ కూర్చోబెడుతున్నారు అని కూడా అడిగేవాళ్లం. నిజం చెప్పాలంటే పండగంతా నాకు ఆ పిల్లల షామియానా దగ్గరే గడిచిపోయేది. మాటలు రాని పిల్లల ముఖాలు దగ్గరగా తీసి, క్యాసెట్ ఇచ్చి కుర్రాణ్ణి సైకిల్ మీద ఆఫీసుకి పంపేవాళ్లం. వార్తల దాకా ఆగకుండా వెంటనే వేసేసేవాళ్లు. ఎవరింట్లో దిగినవాళ్లో టీవీలో చూసి పరిగెత్తుకుంటూ వచ్చేవాళ్లు.

*

వానల్లో మాత్రం మా పని ఎవరికీ అందేది కాదు. రైలు కట్ట నెల్లూరుని రెండుగా చీలుస్తుంది. కింద నుంచి వెళ్లే రామలింగాపురం, మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జిలు గట్టి వాన పడితే నిండిపోతాయి. కెమెరాకి పాలిథిన్ కవరు కట్టి, అన్న తడిసిపోతూ తీసేవాడు. ఎగువన సోమశిల డ్యామ్ గేట్లు ఎత్తారంటే పెన్నా గట్టు వెంబడి ఉన్నవాళ్లు మూటలు సర్దుకునేవాళ్లు. వాళ్లతో మాట్లాడి, పరిగెత్తుకొచ్చి, ఎడిట్ చేసి వేస్తే చూసేది ఎవరు? ఊరంతా కరెంటు ఉండదు. కేబుల్ తెగిపోయి ఉంటుంది. కరెంటు వచ్చాక, నీళ్లు తీసేశాక, బురద కడుక్కున్న గదిలో కూర్చుని జనం మొన్నటి నీళ్లని చూసుకునేవాళ్లు. అప్పుడు కూడా ఎవరూ లేచి వెళ్లేవాళ్లు కాదు. మన ఇల్లు వస్తుందేమో అని చివరిదాకా చూసేవాళ్లు.

2021 నవంబరులో పెన్నా పొంగి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయినప్పుడు నేను హైదరాబాదులో ఉన్నాను. ఫోన్లో వీడియోలు నిమిషానికొకటి వచ్చాయి. నీళ్లు చూశాను, మనుషులు అరవడం విన్నాను. ఎవరైనా ఒకరు మైకు పట్టుకుని "నిన్న రాత్రి మీకు ఎవరు చెప్పారు, ఎన్నింటికి చెప్పారు?" అని అడుగుతారేమో అని వెతికాను. నాకు కనబడలేదు.

*

తర్వాత జరిగింది అందరికీ తెలిసిందే. ఇరవై నాలుగు గంటల వార్తా ఛానళ్లు వచ్చాయి. మనిషి మాట పది సెకన్ల ముక్క, వాళ్ల భాషలో బైట్, చాలన్నారు. అన్న ఒకదానికి స్ట్రింగర్‌గా, అంటే జీతం లేకుండా వార్తకింత అని పనిచేసేవాడిగా వెళ్లాడు, నేను పెళ్లయి ఊరు వదిలాను. 2015, 16లలో సెట్‌టాప్ బాక్సులు తప్పనిసరి అయ్యాక, ఒక్క మీట నొక్కితే వచ్చే మా ఛానల్ వందల నంబర్ల మధ్య ఎక్కడికో పోయింది. ఆఫీసు ఖాళీ చేశారని అన్న ఫోన్ చేసి చెప్పాడు. మిషన్లు పాత సామాన్ల వాళ్లు తూకానికి తీసుకెళ్లారట.

క్యాసెట్లు ఏమయ్యాయని అడిగాను. ఉంటేగా! అప్పట్లో కొత్త టేపు కొనడం ఖర్చు. వారం దాటితే దాని మీదే ఇంకోటి ఎక్కించేవాళ్లం. ఒక్కో క్యాసెట్ వీపు మీద చీటీ మీద చీటీ అతికించి మందంగా ఉండేది. అలా ఎన్ని గొంతులు చెరిగిపోయాయో తలుచుకుంటే గుండె పిండేసినట్టు ఉంటుంది.

కానీ కొన్ని మిగిలి ఉండాలి. మా వీధి వచ్చిందని, మా నాన్న మాట్లాడాడని ఎంతోమంది కాపీ వేయించుకుని వెళ్లారు. కొందరు ఇంట్లోనే విసిఆర్‌లో రికార్డు చేసుకున్నారు. ఆ ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు తీసుకెళ్లింది ఉంది. వాళ్లకి ఇప్పుడు నలభై దాటి ఉంటాయి. జపాన్‌లో ఫునాయ్ కంపెనీ 2016లో విసిఆర్‌ల తయారీ ఆపేసింది, ఇక కొత్తవి రావు. నేను పనిచేసే పాత విసిఆర్ ఒకటి సంపాదించాను, కంప్యూటర్‌లోకి ఎక్కించే పరికరం కూడా ఉంది. నెల్లూరు వాళ్లు, ఒకప్పుడు నెల్లూరులో ఉండి వెళ్లినవాళ్లు దయచేసి అటకల మీద, పాత ట్రంకు పెట్టెల్లో ఒకసారి చూడండి. రొట్టెల పండగది, ఇరుగాళమ్మ గుడి దగ్గర వినాయక నిమజ్జనానిది, వార్డు సభలది, ఏదైనా సరే. క్యాసెట్ లోపల తెల్లటి బూజు కనబడితే మాత్రం ప్లేయర్‌లో పెట్టి ఆడించకండి, టేపు తెగిపోతుంది. తుడవకండి కూడా. అలాగే ఒక కవర్లో పెట్టి ఉంచండి, నేను వచ్చి తీసుకుంటాను.